ఒడ్డు దాటాక అరక్షణం

ఇరవై ఆరేళ్ళకి మళ్ళీ వచ్చాడు లాంతరోడు,
మా అన్నకొడుకు ప్రణీల్ లాప్‌టాప్ మీద,
నరసాపురంలో, లేసు గోడౌను మేడ మీద,
కరెంటు ఉన్నంతసేపు.
పూర్తి ఆట కాదత్తా, డెమో, అన్నాడు.
రుచి చూడ్డానికి గరిటెడు.

నా కళ్ళు ముందు వెతికింది గళ్ళనే.
గళ్ళు లేవు.
వాడి చొక్కా గాలికి ఎగురుతోంది,
లాంతరు వెలుగు గడ్డి మీద పాకుతోంది,
వెనక కొండలు మూడు వరసలు, మూడు రకాల నీలం.
బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది.
కాని నాకు తెలిసినవాడు
అడ్డం పద్నాలుగు, నిలువు పదహారు.
ముక్కు ఒక గడి. లాంతరు నాలుగు, అందులో మంట ఒకటి.
లెక్క నాకెలా తెలుసంటే,
అమ్మ క్రోషియా సూదితో తెల్లదారంలో
వాణ్ణి అల్లింది నేనే.
నిండు గడి, ఖాళీ గడి, నిండు గడి,
దొరల దేశానికి పోవాల్సిన టేబులుగుడ్డ మూలన.
ఏజెంటు గుర్నాధం గారు దీపానికెత్తి చూసి
ఇదేం కోతి అని
ముప్పై రూపాయలు కోశారు.

పంటు దాటితే సఖినేటిపల్లి, మోషే గారి కేసెట్ల షాపు.
రూపాయికి పది నిమిషాలు.
బొమ్మ చిరిగిన ఆ కేసెట్టు
అడుగున ఉఫ్ అని ఊదితే తప్ప లేవదు.
ఆడపిల్లేంటి ఊదడం, అన్నాడెవడో.
ఊదనివ్వండి, ఆ పిల్ల ఊదితేనే పలుకుతోందది, ఆయ్,
అన్నారు మోషే గారు.
పేరు తెలీదు కాబట్టి లాంతరోడు.
ఈ డెమో మొదట్లో వాడి అసలు పేరు
పెద్ద అక్షరాల్లో మెరిసింది.
చదివాను. పిలవను.

పీపీమనే పాత పాటని వయొలిన్లతో వాయించారు.
పట్టుబట్టలేసుకొచ్చిన చుట్టంలా ఉంది,
పోల్చుకోడానికి కాస్త టైము పట్టింది.

గెంతు మారింది.
అప్పట్లో వాడు ఇటుక.
మీట నొక్కితే లేచేవాడు, వదిలితే పడేవాడు,
గాల్లో మనసు మార్చుకోడం ఉండేది కాదు.
ఇప్పుడు మెత్తగా లేస్తున్నాడు,
దిగేటప్పుడు మోకాళ్ళు వంచుతున్నాడు.
ఇంకో సంగతి ప్రణీల్ చెప్పాడు:
ఒడ్డు దాటాక కూడా అరక్షణం
కాళ్ళకింద నేల ఉన్నట్టే లెక్కట,
ఆలస్యంగా నొక్కినా లేస్తాడట.
మనం తడబడతామని ముందే తెలిసి
ఎవరో కూర్చుని ఆ అరక్షణం రాసిపెట్టారట.

నేను దూకడం నేర్చింది ఆటలో కాదు.
పంటు రేవుకి మూరెడు దూరం ఉండగానే,
సైకిళ్ళూ చేపలబుట్టలూ కదలకముందే,
నేనూ నూకరత్నమూ.
మూర అనుకున్నది బార అయిన రోజు
నూకరత్నం మోకాలికి బురదా, నెత్తురూ.
గోదారి ఎవరికీ అరక్షణం రాసిపెట్టలేదు.
అందుకే నేల ఇంకా మిగిలుండగానే దూకేసి
మొదటి గోతిలోనే మూడుసార్లు పడ్డాను.
అత్తా, ఆగు, టైముంది, అంటాడు వీడు.

మూడో లెవెల్ చివర, విరిగిన లాకుల దగ్గర
మోషే గారి టీవీ ఆకుపచ్చ చారలైపోయేది.
ఎప్పుడూ. ఎవరాడినా.
కేసెట్టు పాడైందని మాకేం తెలుసు?
ఆట అక్కడికి అయిపోతుందనుకున్నాం.
లాంతరోడు ఊడ్చిన చేలోకి నడిచి వెళ్ళిపోయాడనుకుని
గెలిచినట్టే చేతులు దులుపుకుని
పంటెక్కేవాళ్ళం.

ఈ రాత్రి అవే లాకులు.
అరచేతులు చెమట.
దూకాను, ఆలస్యంగా. లేచాడు.
చారలు రాలేదు.
అవతల వంతెన. వంతెన మీద లాంతర్లు పట్టుకుని
వాడిలాంటివాళ్ళే, పదీ పదిహేనుమంది.
వాడికి మనుషులున్నారని
ఇన్నేళ్ళూ నాకెవరూ చెప్పలేదు.
ఒకామె చెయ్యెత్తింది.
అప్పుడే తెర నల్లబడి
మిగతాది ఆట విడుదలయ్యాక, అని పడింది.

ఇంతేనా, అని ప్రణీల్ మూతి ముడిచాడు.
మళ్ళీ పెట్టమన్నాను.
ఈసారి గళ్ళకాయితం, పెన్సిలు తెచ్చుకుని కూర్చున్నాను,
ఆ చెయ్యెత్తినామె
అడ్డం ఎన్నో, నిలువు ఎన్నో.