పాడైన చొక్కాల పద్దు

కొర్లగుంటలో చేతికాజాలు కుట్టే దస్తగిరి
మూడంతస్తుల మెట్లెక్కి వచ్చి
నా బల్ల మీద ప్లాస్టిక్ కవరు పెట్టాడు.
ఏడు వేల మూడు వందల యాభై.
కాజాకి రూపాయిన్నర చొప్పున
నాలుగు వేల తొమ్మిది వందల కాజాలు.
లెక్క నేను కట్టలేదు, ఆయనే కట్టుకొచ్చాడు
బీడీకట్ట కాగితం వెనక.

ఈ ఊళ్ళో ఇవ్వడమంటే కొండకే ఇవ్వడం.
తెల్లారుజామున అలిపిరి వైపు పోయే ప్రతి బస్సులో
ఎవరి ఒళ్ళోనో పసుపుగుడ్డ ముడుపు ఉంటుంది.
మా దాకా వచ్చేది దారి తప్పి వచ్చిన డబ్బు.

నేను రసీదులు రాసే గుమాస్తాని.
డాక్టర్లకు కీహోల్ ఆపరేషన్లు నేర్పే ట్రస్టులో
పదకొండేళ్ళ కార్బన్ మరక నా వేళ్ళది.
ఇచ్చేవాళ్ళకి ఒక మొహం కావాలి.
జబ్బుపడ్డ పిల్లాడి ఫోటో చూపిస్తే
చెయ్యి దానంతట అదే జేబులోకి పోతుంది.
ఇంకా నేర్చుకోని చేతులకి
ఏం ఫోటో తియ్యను?

చిత్తూరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ ఆయన కెమెరా ఇచ్చాడు.
తెర కింద తన పేరు ఇత్తడిలో చెక్కించుకున్నాడు.
చెక్కించుకోనీ.
ఆ పేరు మీదుగానే పిల్లలు ముడి వెయ్యడం చూస్తున్నారు.

పక్కగదిలో ఒక నల్ల డబ్బా,
దాని పొట్టకి రెండు చిల్లులు,
చిల్లుల్లో పొడుగాటి కడ్డీలు.
కళ్ళు తెర మీద, చేతులు ఇంకెక్కడో.
కుడికి తిప్పితే కొన ఎడమకి పోతుంది.
డాక్టర్ నీరజాక్షి వారం నుంచీ
ద్రాక్షపండు తొక్క తీస్తోంది, రసం కారకుండా.
ఇప్పటికి అరవై పళ్ళు చితికాయి.
నేను పద్దు రాస్తాను:
ద్రాక్ష రెండు కిలోలు, కోడికార్జం కిలో, దారపుండలు ఆరు.
ఆడిటరు ఏటా అదే అడుగుతాడు,
"ఇది ఆస్పత్రా, మెస్సా?"

పరిశోధన అంటే మా దగ్గర
ఒక ఫోను, ఒక హిమజ.
పాకాల, పుత్తూరు, నగరి, రెండు వందల పన్నెండు మంది ఆడవాళ్ళు.
నీళ్ళబిందె ఎన్నోరోజున ఎత్తారు?
మగ్గం గుంటలోకి ఎన్నోరోజున దిగారు?
"ఎత్తొద్దన్న దినమే ఎత్తితి, ఇంగెవురు ఎత్తుతారు?"
అందొకామె.
ఆ జవాబు ఏ గడిలో రాయాలో
హిమజకి ఇంకా తెలీదు.
మార్చి తర్వాత తన జీతం ఏ గడిలోంచి తియ్యాలో
నాకూ తెలీదు.

దస్తగిరి భార్యకి మొన్న ఇక్కడే
పిత్తాశయంలో రాళ్ళు తీశారు.
"మూడు కాజాలు సార్, బొత్తాల్లేకుండా.
కుట్టు తిప్పి తిప్పి సూసినా.
ఎవురో ఓపిగ్గా నేర్పినారు."

"పేదరోగుల నిధికి రాయనా?"
తల అడ్డంగా ఊపాడు.

"పని నేర్సుకునేటప్పుడు
ఎన్ని సొక్కాయిలు పాడుసేసినానో సార్.
కత్తెర పడిన గుడ్డ మళ్ళా అతకదు.
ఆ దుడ్లన్నీ మా ఉస్తాదు కట్టినాడు.
గిరాకీకి సెప్పలే, నాకూ సెప్పలే.
ఆయన పోయినాంక ఆయన పెండ్లాము సెప్పింది.
ఈడ పాడయ్యేవాటికి రాసుకోండి."

రసీదులో అచ్చేసిన గడులు నాలుగే:
పరికరాలు, ఉపకారవేతనం, పరిశోధన, ఇతరములు.
కాసేపు కలం పైకే పట్టుకున్నాను.
ఇతరములు కొట్టేసి
పాడైన చొక్కాలు అని రాశాను.
ఎండాకాలంలో ఆడిటరు వచ్చినప్పుడు చూసుకుందాం.

పక్కగదిలోంచి "ఛ!" అని వినబడింది.
"ఎన్నోది?" అన్నాడు దస్తగిరి.
"అరవై ఒకటి."
"ఇంకా శానా ఉండాయిలే," అంటూ
రసీదు నాలుగు మడతలు పెట్టి
జేబులో పెట్టుకున్నాడు.
ఆ జేబుకి బొత్తాం ఊడిపోయింది.
కాజా మాత్రం
అంచు చెదరలేదు.