సిర్కా వాసన

చుక్క పడింది. అంతే.
గోళ్ల రంగు తుడిచే సీసాకి
మూత సరిగ్గా బిగించలేదు నేను.
బాపు కోటు లోపలి ఊదారంగు అస్తరు
చిరగలేదు, కాలలేదు,
మంచుగడ్డలా అంచులు వెనక్కి జరుపుకుంటూ
పావలా అంత కిటికీ తెరిచింది.

ఎల్లుండే రిటైర్మెంటు సభ.
జీడిమెట్లలో ముప్పై రెండేళ్లు,
డ్రమ్ముల సాయిలంటే గేటుకాడి కుక్కకి కూడా ఎరుకే.
కోటు మాత్రం ఒక్కటే.

పత్తర్‌గట్టీ కమాన్ల కింద
రఫూ జిలానీ సాబ్ కోటు తిరగేసి
చిల్లు అంచుని గోటితో గీకాడు.
టిక్కుమంది, ఎండిన జిగురులా.
"ధాగా టూటే తో జోడ్‌దేతూ బేటీ,
ధాగాచ్ పానీ హోగయా తో?"
తెగిన పోగుకి సూది ఉంది,
నీళ్లయిపోయిన పోగుకి ఆయన దగ్గరా లేదు.

ఊరికే ఉండలేక ఒక్క పోగు లాగి
అగ్గిపుల్ల గీశాడు.
నూలైతే కాగితం కాలిన కంపు,
పట్టయితే వెంట్రుకలు కాలినట్టు.
ఇది చిటచిటమని కరిగి నల్లపూస కట్టింది.
పొగలో సిర్కా.

నా వెనక నిలబడ్డ బాపు, 
హోటల్లో సిర్కా ఉల్లిగడ్డ కనబడితే
ప్లేటు దూరం జరిపే మనిషి,
వంగి, ఆ పూసని అరచేతిలోకి తీసుకొని
రెండోసారి వాసన చూశాడు.
"గిది మా షెడ్డు" అన్నాడు.

చెయ్యి కాలుతున్న బొమ్మ ఉన్న డ్రమ్ములు
లారీ ఎక్కించేదాకే ఆయన కొలువు.
అటెనక ఏ ఊరు పోతయో, ఏమైతయో
ఎవరూ చెప్పలేదు. ఆయనా అడగలేదు.
చెట్టు గుజ్జు ఆ ద్రవంలో నాని అసిటేట్ అవుతుందని,
అసిటోన్‌లో కరిగించి
సన్నని బెజ్జాల్లోంచి తోస్తే పోగవుతుందని,
అదే అసిటోన్ మళ్లీ తగిలితే ఉండదని
డిగ్రీ పరీక్షలో రాసింది నేను.
ఎనిమిది మార్కులు.
బాపు చొక్కాలు మాత్రం
వేరే బకెట్లో నానబెట్టేదాన్ని.

నలభై రూపాయలకి అతుకేస్తానన్నాడు జిలానీ సాబ్.
బాపు కోటు మడిచి చంకలో పెట్టుకున్నాడు.
"ఉండనీ తియ్యి."

సభలో దండ పడింది, గోడ గడియారం ఇచ్చారు,
మేనేజరు మెరిసే శాలువా కప్పి చప్పట్లు కొట్టించాడు.
బాపు కూర్చుని దాని అంచుని
రెండు వేళ్ల మధ్య నలిపి నలిపి,
మెల్లగా నా చెవిలో
"అగ్గిపెట్టె ఉందానే?"