ఏరు దాటని మూడు దినాలు

పాత రిజిస్టరు చెదలు తింటా ఉంటే
కొత్త దాంట్లోకి ఎక్కించమని నాకిచ్చినారు.
షుగర్ ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు
తూకం చీటీలు రాసిన చెయ్యి కదా,
అక్షరం కుదురుగా ఉంటాదని.

గ్రీమ్స్‌పేట గుడి వెనక గది.
ఫ్యాను వేస్తే కాగితం పొడుమై లేస్తాది,
ఆపితే చెమటబొట్టు సిరా మీద పడతాది.

నలభై ఒకటో పేజీ. తుమ్మలకుప్పం, మాలపల్లె.
బాప్తిస్మము పొందినవారు పదకొండు మంది.
తొమ్మిదో పేరు మా అబ్బ నాయనది:
పూర్వనామము చెంగడు, ఇప్పుడు జక్కయ్య, వయసు ఆరు.
తల్లి అనే గడిలో
గెంగి, వాంతిభేదితో సోమవారము మృతి.
పక్కన ఉపదేశి గారి చీమల బారు చేతిరాత:
నీవా నది పొంగినందున
మూడు దినములు ఈవలి గట్టున ఆగితిని.
గురువారము చేరితిని.

అంతే. అడుగున దీపం నూనె మరక.

సోమవారానికీ గురువారానికీ నడుమ
మా గెంగి యాడుండాది?

పాస్టరు గారిని అడిగినాను.
"దారి ఒకటే అన్నా" అన్నాడు,
గ్లాసులో టీ మీగడ కట్టేదాకా దాన్నే చూస్తా.
తర్వాత తనే, "మా అమ్మ వాళ్ళ అవ్వ కూడా..."
అని ఆపేసి, గొంతు సవరించుకుని,
ఆదివారం మైకు సంగతి ఎత్తినాడు.

వేలూరులో వేదాంతం చదివిన మా అన్న కొడుకు
"ఆమె ఎరిగిన వెలుతురెంతో
అంతకే లెక్క చిన్నాయనా" అన్నాడు ఫోనులో.
వెలుతురా!
ఆముదం దీపం కూడా
పండగ పూట మాత్రమే వెలిగిన గుడిసెరా అది.

చచ్చినోళ్ళ చెరలోకి ఆయనే దిగిపోయి చెప్పినాడని
కమిటీలో ఇంకొకాయన.
అట్లయితే ఉపదేశి బండి కట్టిందెందుకని
నేనే అడ్డం పడినాను.
ఎందుకు పడినానో!
నాకు కావాల్సిన మాటే కదా అది.

ఫ్యాక్టరీ గేటు ఆరింటికి మూసేవాళ్ళం.
ఆరూ పదికి ఒక బండి వచ్చేది
ఇరుసు విరిగిందనో, ఎద్దు కుంటిందనో.
గడియారం చూపించి వెనక్కి తిప్పినాను, ఎన్ని బండ్లో.
ఆ పది నిమిషాల్లో చెరుకు తీపి తగ్గదు.
తెలుసు. తెలిసే తిప్పినాను.
ఇప్పుడు కండ్లు మూసుకుని తీర్పు దినాన్ని తలుచుకుంటే
గేటు కాడ నా మొహమే కనబడతాది.

మిట్టూరులో మా మేనత్త సువార్తమ్మ
చూపు పోయి ఏడేండ్లు.
ఒళ్ళో చేట పెట్టుకుని అనపకాయలు ఒలస్తా
అంతా ఇన్నది.
"ఆగింది ఉపదేశి గదరా.
నీళ్ళ మీద నడిచినోడు కూడా
ఏరు తగ్గేదాకా గట్టున కూచున్నాడని
ఎవురు చెప్పినారు నీకు?"
వేలితో గింజ తడిమి
"ఇది పుచ్చు" అని ఒకటి పారేసింది.

ఆ సాయంత్రం నీవా కాడికి పోయినాను.
కంపచెట్లు, ప్లాస్టిక్ కవర్లు, పందిపిల్లలు.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకు
ఎనభై మూడు అడుగులు.
ఆవల కాసేపు నిలబడినాను,
ఎవురూ లేరు.
చెప్పుల్లో ఇసుక దులుపుకుని మళ్ళీ ఇవతలికి.

రాత్రి కూచుని ఆ పేజీ ముగించినాను.
గెంగి అని రాసినాను.
మూడు దినములు అని ఉన్నది ఉన్నట్టే దించినాను.
ఆమె పేరు పక్కన ఇంకొక గడి మిగిలింది.

ఫ్యాక్టరీలో అయితే ఖాళీ గడికి
అడ్డంగా గీత కొట్టాల,
తర్వాత ఇంకొకరి చెయ్యి ఏమీ రాయకుండా.

నేను గీత కొట్టలేదు.