సున్నకట్టు

పంచాయితీ గ్రంథాలయం తాళంచెవి నా కొంగున ఉంటుంది.
రెండు గదులు. వెనకగదిలో ఇంకా ఎరువు మూటల వాసన.
బీరువాకు నాలుగు అరలు, నాలుగోదానికి చెదలు.
కిటికీ పక్క బల్లకు గొలుసేసిన ఒక ట్యాబు.
"గొలుసెందుకమ్మా, కరుస్తుందా?"
మొదటిరోజే అడిగింది పిళ్ళమ్మ.

దేవనహళ్ళిలో దిగే విమానాలకు
పొట్టకింద చక్రాలు కూడా కనిపిస్తాయి మాకు.
బెంగళూరు అంత దగ్గర.
సిగ్నల్ కోసం మాత్రం
గొలుసు సాగినంత మేర ట్యాబుని లాగి
కిటికీ ఊచల మధ్య నిలబెట్టాలి.

పొద్దున్నే పేపరు కంటే ముందు
గూళ్ళ రేటు కావాలి వీళ్ళకి.
బయట నల్లబల్ల మీద సుద్దతో రాస్తాను:
కిలో ఇంత. నిన్నటి మీద ఇరవై తక్కువ.
చదివేవాళ్ళు చదవనివాళ్ళకు చెప్తారు.
చదవనివాళ్ళు దళారికి చెప్తారు,
ఈమధ్య కొంచెం గొంతు పెంచి.

మంగళవారం పహణీలు.
మునిశామప్ప వేలు పెడితే
ఎవరో తెలియదంటుంది యంత్రం.
నలభయ్యేళ్ళు కంబళి కొమ్మలు కోసిన వేలు,
గీతలన్నీ కొడవలి పిడికి ఇచ్చేసింది.
కొబ్బరినూనె రాసి, తుడిచి, ఊది,
నాలుగోసారికి
"ఇప్పుడు గుర్తొచ్చానా నాయనా" అంటాడు దానితో.

ఆ రోజు మంచు ఎనిమిదైనా విడవలేదు.
పిళ్ళమ్మ అగ్గిపెట్టె తెరిచి బల్ల మీద పెట్టింది.
లోపల ఒక పట్టుపురుగు.
మూడు జ్వరాలు దాటి, నాలుగోదాన్నుంచి లేవలేదు.
తెల్లగా, గట్టిగా, సుద్దముక్కలా.
నా చేతిలో ఉన్నదీ సుద్దముక్కే.
ఇద్దరం రెండిటినీ చూశాం.

ఫోటో తీశాను. చక్రం తిరిగింది.
ఒక విమానం పోయింది, ఇంకొకటి పోయింది.
ఇంగ్లీషులో నోరు తిరగని పేరొకటి వచ్చింది.
"శిలీంధ్ర వ్యాధి" అన్నాను, కాలేజీలో నేర్చిన మాట.
పిళ్ళమ్మ నావైపు జాలిగా చూసింది.
"సున్నకట్టు అను. మా అత్త నాటినుంచీ ఉంది.
పేరు కోసం రాలేదు నేను.
ఈ చలికి మందెంత, ఎన్ని పూటలు,
పక్క తట్టకు పాకకుండా ఏం చెయ్యాలి,
అది అడుగు దాన్ని."

అడిగాను. నేను కన్నడంలో చదివి తెలుగులో చెప్తే
ఆమె వేళ్ళమీద లెక్కేసుకుంది.
చచ్చినవాటిని పొడి రాలకముందే ఏరి కాల్చాలి.
తట్టలు ఎడం చెయ్యాలి. గాలి ఆడాలి.
"ఇవన్నీ మా అత్తా చెప్పేది.
కొలత ఒక్కటే కొత్తది" అని
కొలత రాసిన చీటీని ఆకువక్కల సంచిలో వేసుకుంది.

ఆమె వెళ్ళాక ఊరికే
సున్నకట్టు అని కొట్టి చూశాను.
ఇళ్ళకు వెల్ల వేసేవాళ్ళ ఫోన్ నంబర్లు చూపించింది.

నవ్వొచ్చింది.
తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.
నేను సెలవు పెట్టిన రోజు
ఎవరైనా అగ్గిపెట్టెతో వస్తే?

ఎర్ర అట్ట నోటుబుక్కు ఒకటి తీశాను.
పదో తరగతి లోహిత్ స్కేలు పెట్టి గీతలు కొట్టాడు.
ఒకవైపు మన మాట, ఒకవైపు దాని మాట.
సున్నకట్టు. సప్పె. పాలపురుగు.
పాలపురుగు కాదు పాలతొండె అని మీదివీధి వాళ్ళు,
మీకేం తెలుసని కిందివీధి వాళ్ళు,
సాయంత్రం తాళం వేసే వేళ దాటిపోయింది.
రెండూ రాశాం.

పిళ్ళమ్మ పన్నెండు తట్టల్లో
ఏడు గూళ్ళు కట్టాయి.

నిన్న ఆ నోటుబుక్కుకి ముద్ర వేసి
రిజిస్టరులో ఎక్కించాను, పద్దెనిమిది వందల నలభై ఎనిమిది.
రచయిత అన్న గడి దగ్గర ఆగితే
"మా అత్త పేరు రాయి" అంది పిళ్ళమ్మ. "గుర్రమ్మ.
సంతకం రాదు ఆమెకి, ఏమన్నా ఇబ్బందా?"
రాశాను.
వెల అన్న గడి ఖాళీగానే వదిలాను.
ఈ పొద్దున చూస్తే అక్కడ పెన్సిల్‌తో,
లోహిత్ రాతే,
ఐదు తట్టలు.