పేనుకొరుకుడు

మా ఇంట్లో దువ్వెనలకు కరువు లేదు.
పర్లాకిమిడిలో కొమ్ముపని ఇంకా వదలని
కొద్దిమందిలో మా నాన్న ఒకడు.
గేదెకొమ్మును సెగకు మెత్తబరచి, పలకగా అదిమి,
సన్నరంపంతో పన్ను పక్కన పన్ను కోస్తాడు.
కొమ్ము కాలినా వెంట్రుక కాలినా ఒకటే కంపు.
సరుకొకటే అంటాడు,
అది మొండిది, ఇది మెత్తది.

ఆ దువ్వెనే చెప్పింది నాకు.
ఆగస్టు ముసురులో ఓ పొద్దున
చెవి వెనక దాని పళ్ళకు ఏమీ తగల్లేదు.
వేలు పెడితే నున్నగా, చల్లగా
పాత రూపాయి బిళ్ళంత.

పేనుకొరుకుడు, అంది అమ్మ.
గురిగింజ అరగదీసి రాసేయ్, ఏటవుద్ది.
నాకు పేలు లేవే అమ్మా అంటే
కనపడని పేనది, అంది.

బజారులో బంగారం కొట్టు మేడ మీద
సంజుక్తా సబత్ పార్లరు.
అద్దం చుట్టూ బల్బులు. గోడ మీద
పిరుదులు దాటిన జుట్టుతో ఎవరో అమ్మాయి.
ఆవిరి, మర్దన, సీరం, ఆరు సిట్టింగులు,
నాలుగువేల ఎనిమిదొందలు.
జిరాక్సు కొట్టులో నా జీతం ఆరువేలు.

నిజం చెప్పొద్దూ, అక్కడే ఉండిపోవాలనిపించింది.
మెడ కింద తువ్వాలు, గోరువెచ్చని నీళ్ళు,
అమ్మ చేతులకు వాతం వచ్చాక
నా తల ఎవరు ముట్టుకున్నారు, అంత నిదానంగా?
కళ్ళు మూస్తే అన్నీ మొలుస్తున్నట్టే ఉంది.

ఆ వేళ్ళు ఆగాయి.
కుళాయి కట్టేసి, పాయ తీసి,
అద్దం వెనక అద్దం పట్టి చూపించింది.
ఒకటి కాదు, మూడు.
"చుండ్రయితే నాది. చిట్లిన జుట్టయితే నాది.
ఇది నాది కాదు అపా, డాక్టర్ది.
డబ్బు తీసుకుని రుద్దానే అనుకో,
మెరిసే చోట ఇంకాస్త మెరుస్తుంది."
షాంపూ డబ్బులు కూడా పుచ్చుకోలేదు.
మెట్లు దిగుతుంటే ఆమె మీద కోపమే వచ్చింది.
ఆరు వారాలు హాయిగా ఉండేదాన్ని కదా
ఒక్క అబద్ధం ఆడుంటే.

బరంపురం బస్సు అయిదుంపావుకి.
డాక్టర్ పాఢి గదిలో పాట లేదు, పూల వాసన లేదు,
అద్దం అసలే లేదు.
నెత్తికి చిన్న భూతద్దం ఆనించి తెర మీద చూపించాడు:
మొదట్లో సన్నబడి కొనకు లావెక్కిన వెంట్రుకలు.
"చూశావా, ఆశ్చర్యార్థకాలు" అని నవ్వాడు.
నాకు నవ్వు రాలేదు.
పేను కాదట. ఒంట్లో కాపలావాళ్ళే
ఇంటివాణ్ణి దొంగనుకుని కుదురు దగ్గర కొడుతున్నారట.
సూదులు. నెలకోసారి, ఏ మచ్చకా మచ్చకే.
వస్తుందా అంటే, రావచ్చు.
రాదా అంటే, రాకపోనూవచ్చు.
ఇంత పేదమాట కోసం నాలుగు గంటల బస్సు!

అయినా ఆ మాటే నమ్మాను.
గోడ మీద ఏ అమ్మాయీ లేనందుకేమో.

సూది సంగతి రాయను.
నా పళ్ళు బిగించి
నాన్న కోసే పళ్ళు లెక్కపెట్టాను,
నలభై ఒకటి దాకా.

నాన్న ఏమీ అడగలేదు.
ఆ రాత్రి కొత్త దువ్వెన చేతిలో పెట్టాడు.
పన్ను విడిచి పన్ను తీసేసి ఉంది.
"దీని పళ్ళూ ఊడిపోయాయేటి?"
"నేదే గుంటా. నెత్తికి బరువు తగ్గించేను."

ఇది మూడో సూది నెల.
శనివారాలు సంజుక్త దగ్గరికి వెళ్తాను,
ఉత్తినే తల కడిగించుకోడానికి. నూటయాభై.
వైద్యం కాదని ఇద్దరికీ తెలుసు.
అందుకే అంత సుఖం.

నిన్న మొదట చూసింది ఆమే.
"అపా, కదలకు."
చెవి వెనక నాలుగో అయిదో,
పొట్టివి, నూగులాంటివి, తెల్లవి.
ముందు తెల్లగానే రావచ్చన్నాడు డాక్టరు.
రంగు వెయ్యనా అని ఆమె అడగలేదు.
మిగతా రెండు మచ్చలూ ఖాళీయే.

ఇంటికొచ్చి నాన్న ముందు తల వంచాను.
కళ్ళజోడు పంచెతో తుడుచుకుని
చాలాసేపు చూశాడు.
"ఇంత సన్నటివా!
ఈటికి దువ్వెన కొయ్యాలంటే
నా రంపం సాల్దే."