ఎనిమిది గళ్లు

షెపర్టన్‌లో శనివారం పొద్దున
బడి వరండాలో క్యూ.
ముందు నుంచి ఉల్లిపాయలు వేగుతున్న వాసన,
వెనక నుంచి పియర్ తోటల మీద తిరిగొచ్చిన చలి.

బల్ల వెనక కార్మెలా అనే పెద్దావిడ
అందర్నీ అడిగే మూడు ప్రశ్నలే నన్నూ అడిగింది.

మీ పూర్తి పేరు?

ఉప్పలూరి సువర్చల, అన్నాను.
ఆ పేరు నా నోట్లోంచి మొత్తంగా బయటికొచ్చి
ఎన్నాళ్లయిందో.
షెడ్డులో నేను సూని,
బడి గేటు దగ్గర నిశాంక్ వాళ్లమ్మని,
ఫోన్‌లో అత్తగారికి "ఏమమ్మా"ని.
పెళ్లికి ముందు తీసిన పాస్‌పోర్టు పుణ్యమా అని
పుట్టింటిపేరొక్కటే నాతో సముద్రం దాటింది.
మార్పించుకో అని ఆయన,
ఫారం దొరకలేదని నేను,
పన్నెండేళ్లు గడిచాయి.
ఆవిడ స్కేలు పెట్టి నా పేరు మీద గీత గీసింది.
గుండె ఝల్లుమంది.
కొట్టెయ్యడం కాదట,
వచ్చానని గుర్తట.

ఎక్కడుంటారు?

వీధి చెప్పాను, ఇంటి నంబరు చెప్పాను.
చెప్పనిది: షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య,
"నీకు తెలీదులే"కీ "నీ ఇష్టం మరి"కీ మధ్య.
రెండోది బెదిరింపని
తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఎన్నికలో ఇంతకు ముందే ఓటు వేశారా?

లేదు, అన్నాను.
ఏ ఎన్నికలోనూ లేదు, అనబోయి ఆగాను.
ఇరవై ఏళ్లప్పుడు తణుకులో వేలికి సిరా పూశారు,
నొక్కిన వేలు నాదే.
ఎక్కడ నొక్కాలో
ముందురోజు రాత్రి అన్నాల దగ్గరే తేలిపోయింది.
నాన్న చెప్పాడు, అమ్మ తలూపింది,
నేను పెరుగు వేసుకున్నాను.

ఇక్కడ ఒక్క పేరుకి టిక్కు పెడితే చెల్లదు.
ఒకటి నుంచి ఎనిమిది దాకా
ఎవరు ముందో, ఎవరు తర్వాతో, ఎవరు అసలొద్దో
అన్నీ రాయాలి.
వారానికి అయిదు రోజులు నేను చేసే పని ఇదే:
బెల్టు మీద పళ్లు దొర్లుతుంటే
ఇది డబ్బాకి, ఇది రసానికి, ఇది పశువులకి.
చూపు పడేలోపే చెయ్యి తేల్చేస్తుంది.
ఆ చెయ్యే ఇప్పుడు అట్టగోడల మధ్య పెన్సిలు పట్టుకుని
మొదటి గడి దగ్గర ఆగిపోయింది.
నీకేది ఇష్టం అని
కూరల కొట్లో తప్ప నన్నెవరడిగారు?
అక్కడా నేను వాళ్లకిష్టమైనవే కొన్నాను.

ఇష్టం చెప్పకపోతే
ఇరవై డాలర్లు జరిమానా వేసే దేశం ఇది.
చెబితే పడే జరిమానాలు నాకు తెలుసు.
వాటికి రసీదు ఉండదు.

పక్క నుంచి గుల్‌చెహ్రా గుసగుస.
బెల్టుకి అవతలి వైపు నిలబడే మనిషి,
ఇద్దరం ఒకే రోజు ప్రమాణం చేసి పౌరులమయ్యాం.
వారం నుంచి భోజనం గంటలో అంకెలు దిద్దుతోంది.
"తప్పు రాశాను."
"అడుగు, ఇంకో కాగితం ఇస్తారు."
"తప్పు చేస్తే... ఇస్తారా?"
అట్టగోడ మీంచి తల ఎత్తి
తను చూసిన ఆ చూపు
ఇంకా నా దగ్గరే ఉంది.

ఒకటి వేశాను.
రెండు దానంతటదే వచ్చింది.
ఎనిమిది మాత్రం ఒత్తి మరీ వేశాను.

అయితే ఒక సంగతి.
మా షెడ్డు ఉంచాలా మూసెయ్యాలా అని
తేల్చే మనిషి పేరు ఆ కాగితం మీద లేదు.
ఏ దేశపు కాగితం మీదా లేదు.
ఎక్కడో పై అంతస్తులో కూర్చుని
మా డబ్బా కన్నా నలభై సెంట్లు చవకైన డబ్బాని
చేత్తో తిప్పి చూస్తుంటాడు.
ఆ చవక డబ్బా నింపే ఊళ్లోనూ ఒక బెల్టుంటుంది,
అటొకరూ ఇటొకరూ ఆడవాళ్లుంటారు.
వాళ్లనీ ఎవరూ అడిగి ఉండరు.
ఆ మనిషికి అంకె వేసే గడి ఎక్కడుందో
నాకింకా తెలీదు.
వెతుకుతున్నాను.

బయటికొచ్చి
రొట్టెలో ఉల్లిపాయలు మాత్రమే పెట్టమన్నాను.
నూనె కారుతుంటే సంచీ తడిమాను.
ఏ గడిలో ఏ అంకె వెయ్యాలో
పొద్దున్నే ఆయన నింపి, మడిచి పెట్టిన చీటీ.
మంచి దళసరి కాగితం.
నూనె బాగా పీల్చింది.