సీటు కింద

పదకొండు రోజులుగా రెండు బళ్ళూ మా షెడ్డులోనే,
ఒకటి మస్టాంగు, ఇంకోటి కమారో.
ఆటోనగర్ అంతా వచ్చి చూసిపోయింది,
లారీ బాడీలు కట్టే వడ్రంగులు కూడా
రంపాలు అక్కడే పారేసి.

కోల్డ్ స్టోరేజీ భానుమూర్తి గారికి
ఈ ఏడు మిర్చి దెబ్బకొట్టింది.
రెంటిలో ఒకటి అమ్మాలి.
"ఏది ఉంచుకోమంటారు?" అని
అందర్నీ అడిగాడు, నన్ను తప్ప.

సిలారు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి
పిడి చెవిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
ఎనిమిది సిలిండర్లూ విడివిడిగా వినపడతాయి వాడికి,
అప్పగింతల్లో ఏ ఏడుపు ఎవరిదో తెలిసినట్టు.
కమారోది ఒకే గొంతు అన్నాడు.
మస్టాంగులో ఆరోది నసుగుతోందన్నాడు.

పెయింటరు ఇలియాజు
పాడైన స్పీకరులోంచి అయస్కాంతం పీకి, గుడ్డ చుట్టి
రేకు పొడుగునా నడిపించాడు.
మస్టాంగు మీద జలగలా పాకింది.
కమారో వెనక చక్రం పైన
టప్పున కింద పడింది.
అక్కడ ఇనుము లేదు, పుట్టీ.
రంగు మాత్రం, అబ్బ,
యార్డులో తేజా రకం కూడా దాని ముందు వెలిసినట్టే.

ఇంజను మీది అంకె, ఛాసిస్ మీది అంకె
జాతకాల్లా పక్కపక్కన రాసుకున్నారు.
మస్టాంగువి కలిశాయి.
కమారోది ఎక్కడో గుద్దుకుని పోయిన
ఇంకో బండి గుండె.

నాది సీట్ల పని.
రెక్సిన్ సామ్రాజ్యం అంటే పటమట దాకా తెలుసు.

కమారో సీటు విప్పితే ఏమీ లేదు.
కొత్త స్పాంజి, కొత్త స్ప్రింగులు,
ఇంకా ఎవరూ పడుకోని ఆసుపత్రి మంచం.

మస్టాంగుది విప్పితే ముందు తుమ్మొచ్చింది,
రెండేళ్ళు గుంటూరులో మిరప బస్తాల మధ్య ఉందిగా.
తర్వాత ఒక జడపిన్ను.
సగం విరిగిన ఆకుపచ్చ క్రేయాను.
మనది కాని రాగి నాణెం.
స్టీరింగు ఎడమవైపు కదా, ఆ సీట్లోనే
ఒక పక్క స్ప్రింగులు కుంగిపోయి ఉన్నాయి.
బరువైన మనిషెవరో చాలా ఏళ్ళు
ఒక భుజం వాల్చి నడిపుంటాడు.
ఆ గుంతలో కూర్చుని చూశా.
నాకు సరిపోలేదు.

నిండుగా స్పాంజి కూరమన్నారు.
కూరాను. ఆ గుంత మటుకు కాస్త వదిలాను.

అంకెలు కలిసినదానికే ధరెక్కువ,
అందుకని అదే అమ్ముడుపోయింది.
మద్రాసు ఆసామి టార్పాలిన్ కప్పించి
తెల్లారకముందే వారధి దాటించాడు.
జడపిన్నూ క్రేయానూ లోపలే పెట్టి కుట్టేశాను,
నాణెం నా మిషను సొరుగులో ఉంది.

కమారో ఇక్కడే మిగిలింది.
దాని వెనక సీటు ఆఖరి కుట్టులో
నా సూది విరిగింది.
మొన ఎటుపోయిందో కనపడలేదు.
నేనూ అంతగా వెతకలేదు.